నియ్యత్‌కి తెలుగులో ఏం రాయాలి? సంకల్పమా, ఉద్దేశమా, చిత్తశుద్ధా?

అందరికీ నమస్కారం, సలాం. మా ఊరి మసీదు బయట నల్లబోర్డు ఉంది, ప్రతి శుక్రవారం ఒక హదీసు (ప్రవక్త గారి మాట) తెలుగులో రాస్తాం, ఈసారి వంతు నాది. మేం దూదేకులవాళ్ళం, గుంటూరు వైపు, ఇంట్లో తెలుగే, నాకొచ్చిన ఉర్దూ సినిమా ఉర్దూ, కాబట్టి నియ్యత్ అంటే నియ్యతే కదా అని తప్పించుకోడానికి లేదు. రాయాల్సింది "ఇన్నమల్ ఆమాలు బిన్నియ్యాత్". ప్రవక్త (స) నోట విన్నానని ఉమర్ గారు చెప్పిన మాట, బుఖారీ హదీసుల సంపుటిలో మొట్టమొదటిది, నవవీ గారి నలభై హదీసుల్లోనూ (పేరుకి నలభై, లెక్కపెడితే 42) మొదటిది ఇదే. మామూలుగా "కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయి" అని రాస్తారు. నాకెందుకో ఎక్కట్లేదు. సంకల్పం అనగానే మా వీధిలో సగం మందికి అక్షింతలు, శ్వేతవరాహకల్పే గుర్తొస్తాయి. ఉద్దేశం అంటే జీవో కాగితం వాసన. చిత్తశుద్ధి బాగుంది గానీ ఎక్కడో తేడా కొడుతోంది, ఎక్కడో తెలీట్లేదు. మీరేమంటారు?

– అన్నా, మా కరీంనగర్ దిక్కు ఈ లొల్లే లేదు. నియ్యత్ అంటే ముసలమ్మకు గూడ సమజైతది, హిందువులైనా ముస్లింలైనా. "వానికి నియ్యత్ లేదు, పైసలియ్యకు" అంటం. అట్లనే రాయి, అయిపోతది.

– కరీంనగర్ తమ్ముడు చెప్పింది నిజమే, కానీ ఆ నియ్యత్ అర్థం మారిన నియ్యత్. అక్కడది నిజాయితీ అయి కూచుంది, నియ్యత్ లేనోడంటే మోసగాడని. అరబీ మాటకి ఆ మంచితనం లేదు బాబూ, మనసు ఎటు తిరిగుందో అదే నియ్యత్, దొంగకీ ఉంటుంది. ఇంకోటి, దీన్ని సంస్కృతం నియతితో కలిపేసేవాళ్ళున్నారు, అది వేరు, ని మీద యమ్ ధాతువు, అదుపు, విధి అని. అరబీ నియ్యత్‌ది న-వ-య ధాతువు. అవే అక్షరాల్లోంచి నవాత్ అని ఖర్జూరం గింజకి పేరుంది. ఇప్పటి అరబీ పేపర్లలో అణుబాంబుకి తగిలించే "నవవీ" కూడా ఆ గింజలోంచి వచ్చిందే. ఇమాం నవవీకి మాత్రం బాంబుతో సంబంధం లేదు, ఆయనది సిరియాలో నవా అనే ఊరు.

– మాస్టారూ, దొంగకీ ఉంటుంది అన్నారే, నాకు అడ్డం పడింది అదే! హదీసు మిగతా సగం చూడండి. మక్కా నుంచి మదీనాకి వలస సంగతి. అల్లాహ్ కోసం, ఆయన ప్రవక్త కోసం వెళ్ళినవాడి వలస వాళ్ళ కోసమే, ఏదో లాభం కోసమో ఒకావిడని పెళ్ళాడటం కోసమో వెళ్ళినవాడి వలస దానికోసమే. దారి ఒకటే, ఎండ ఒకటే, ఇద్దరికీ నియ్యత్ ఉంది. చిత్తశుద్ధి అని రాశాననుకోండి, ఆ రెండోవాడు హదీసులోంచి బయటికెళ్ళిపోతాడు.

– అవును తమ్ముడూ, చిత్తశుద్ధి ఇఖ్లాస్‌కి దాచుకో. అది ఖ-ల-స ధాతువు, వేరేదేదీ కలవకపోవడం. ఖురాన్‌లో నహ్ల్ సూరా (అధ్యాయం) 66వ ఆయతులో (వాక్యంలో) పశువు కడుపులో పేడకీ రక్తానికీ మధ్య నుంచి వచ్చే ఖాలిస్ (కల్తీలేని) పాలు అని ఉంటుంది, ఆ ఖాలిస్ ఇదే. తమాషా ఏంటంటే 112వ సూరా పేరే ఇఖ్లాస్, అందులో నాలుగు ఆయతుల్లో ఆ మాట ఒక్కసారీ రాదు. మనం మాత్రం తెలీకుండా రోజూ వాడేస్తాం, డబ్బులు ఖలాస్ అంటాం, కులాసాగా ఉన్నారా అంటాం (హిందుస్తానీ ఖులాసా), అన్నీ ఆ ఇంటి పిల్లలే.

– కులాసా కూడానా! అక్కా, ఇది చదివి మా తాత గుర్తొచ్చాడు. పరుపులు కుట్టేవాడు. బూరుగు దూదిలో పాత పత్తి దూది కొంచెం కలిపేసి గలేబు కుట్టేస్తే కొన్నవాడికి ఏళ్ళ తరబడి తెలీదు, అందరూ చేసే పనే. తాత చెయ్యడు, సరే. మా నానమ్మ వేళాకోళం ఏంటంటే, "కలపవు సరే, కలపనని బజారంతా చెప్పుకొస్తావెందుకు?" అని. అంటే దూది ఖాలిసే, తాత ఖాలిస్ కాదు అని ఆవిడ లెక్క. బేరం పెరుగుతుందని కలపకపోయినా అది నియ్యతే కదా, ఇఖ్లాస్ అనగలమా?

– మీ నానమ్మ చెప్పింది రియా. ఆ మాటకి మూలం చూపు, నలుగురూ చూడాలని చెయ్యడం. మాఊన్ సూరాలో నమాజు చూపించుకునేవాళ్ళని అన్న వెంటనే చిన్న చిన్న సామాన్లు కూడా అడిగితే ఇవ్వరు అని ఉంటుంది, పక్కింటికి గిన్నె ఇవ్వని రకం అన్నమాట. అయినా మీ తాతని మరీ నిలదీయకండి, పెళ్ళాం నోట్లో పెట్టే ముద్దకి కూడా పుణ్యం ఉందని ప్రవక్త (స) తన సహచరుడు సఅద్ గారితో అన్న హదీసు ఉంది, అల్లాహ్ మెప్పు కోరి పెడితే. సంపాదించడం తప్పేం కాదు.

– ఒక డౌట్. రంజాన్ టైంటేబుల్ కార్డుల మీద "వ బిసౌమి గదిన్ నవైతు" అని వేస్తారు, ఆ నవైతు కూడా ఇదేనా?

– అదే, "నేను నియ్యత్ చేసుకున్నాను" అని. కాకపోతే గదిన్ అంటే రేపు, సెహరీలో (తెల్లారకముందు భోజనంలో) కూచుని రేపటి ఉపవాసం అంటాం! ఆ వాక్యం హదీసులో లేదు, నియ్యత్ చోటు మనసు, పైకి అనడం మీద ఉలమాలకి (మతపండితులకి) వాదాలున్నాయి, ఆ గొడవ ఇక్కడొద్దు.

– సరే మాస్టారూ, ఇలా రాస్తున్నా, "ఏ పనైనా నియ్యత్తుని బట్టే". ఆధారపడి ఉంటాయి తీసేశా. "ఇన్నమా"కి మాత్రమే అని వేరే మాట అక్కర్లేదనిపించింది, మన "ఏ" చాలు. కస్రత్ కసరత్తు అయినప్పుడు నియ్యత్ నియ్యత్తు అవ్వదా?

– అవుద్ది. కానీ అన్నా, మావోళ్ళు చానమంది నియత్ అనే అంటరు, య-కు వత్తు పెట్టాల్నా?

– పెట్టాలి, అరబీలో య రెండుసార్లు పలుకుతుంది. కాకపోతే ఆ బోర్డు మీద సుద్దముక్కతో య కింద య వత్తు కనపడేలా రాయడం నీ వల్ల అవుతుందా బాబూ, చూసుకో.