డెక్కన్ భవనం మంటలు అన్ని గంటలు ఎందుకు ఆరలేదు?

ప్రశ్న: నల్లగుట్ట పరిసరవాసి

2023 జనవరి 19న సికింద్రాబాద్ మినిస్టర్స్ రోడ్డులోని డెక్కన్ భవనంలో పగటిపూట రేగిన మంటలు రాత్రి వరకూ అదుపులోకి రాలేదు. ముగ్గురు కార్మికులు లోపలే చిక్కుకుపోయారు. హుస్సేన్‌సాగర్ కూతవేటు దూరంలో ఉంది, నగరం నలుమూలల నుంచి ఫైరింజన్లు వచ్చాయి, నీళ్లు గంటల తరబడి కొడుతూనే ఉన్నారు. అయినా ఒక్క భవనం ఎందుకు లొంగలేదు? మా అపార్ట్‌మెంట్ సంఘంలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా కొందరు నీళ్లు చాలలేదంటారు, కొందరు సిబ్బంది ముందే లోపలికి వెళ్లి ఉండాల్సిందంటారు. తప్పు ఎవరిదో తేల్చడం నా ఉద్దేశం కాదు. అలాంటి మంటను ఆర్పడంలో ఉండే కష్టం ఏమిటో తెలిసినవారు వివరిస్తే మా సంఘంలో చదివి వినిపిస్తాను.

జవాబు: అగ్నిమాపక శాఖ విశ్రాంత ఉద్యోగి

మీరు రోడ్డు మీద నుంచి చూసింది నీళ్లు గోడలను తాకడం. అవి మంటను తాకడం వేరే సంగతి. ఆ భవనంలో క్రీడా దుస్తుల వ్యాపారం ఉండేది. పాలిస్టర్, రబ్బరు, ఫోమ్ వంటి సరుకును కట్టలు కట్టలుగా పేర్చినచోట, పైపొర మీద పడిన నీరు పక్కలకు జారిపోతుంది తప్ప కట్ట లోపలి నిప్పును చేరదు. పైన ఆరినట్టే ఆరి, అరగంట తర్వాత అదే చోట మళ్లీ రాజుకుంటుంది. ఎవరో ఒకరు దగ్గరగా వెళ్లి, కట్టలను కొక్కేలతో లాగి విడదీసి తడిపితేనే అది చల్లారుతుంది. అసలు చిక్కంతా ఆ దగ్గరగా వెళ్లడంలోనే ఉంది.

సెల్లార్‌లో సరుకు కాలుతుంటే మనం దిగాల్సిన మెట్లే పొగ, వేడి పైకి వచ్చే దారి కూడా. ముఖానికి మాస్కు, వీపున గాలి సిలిండర్ తగిలించుకుని, ఒక చెయ్యి హోస్ పైపు మీద వేసి మోకాళ్ల మీద పాకుతూ వెళ్లేవాడికి తన చేతి గ్లవ్ కూడా కనిపించదు. సిలిండర్‌లో గాలి అరగంటకో, కాస్త ఎక్కువకో సరిపోతుందని లెక్క. బరువు మోస్తూ, వేడికి ఆయాసపడుతూ పీల్చేవాడికి అంతసేపూ రాదు. అందులోనూ వెనక్కి రావడానికి గాలి మిగుల్చుకోవాలి కనుక లోపల పని చేసే వ్యవధి కొద్ది నిమిషాలే. హోస్ పైపు చేత్తో పట్టుకునే వెనక్కి రావాలి, ఎందుకంటే ఆ చీకట్లో బయటికి దారి చూపేది అదొక్కటే. డెక్కన్ భవనం దగ్గర పొగ పీల్చి మా సిబ్బందిలోనూ కొందరు అస్వస్థులయ్యారు.

పొగ పోవడానికి అద్దాలు పగలగొట్టాలి. పగలగొడితే లోపలికి గాలి వెళ్లి మంట పెరుగుతుంది. ఏ అద్దాన్ని, ఎప్పుడు, ఏ పక్కన పగలగొట్టాలన్నది అక్కడ నిలబడిన అధికారి క్షణాల్లో తేల్చుకోవాలి. అది సరైన నిర్ణయమో కాదో మర్నాడు టీవీ ముందు కూర్చుని చెప్పడం సులువు.

జవాబు: స్ట్రక్చరల్ ఇంజనీరు

పై జవాబుకు ఒక విషయం చేర్చాలి. లోపలికి వెళ్లకపోవడానికి పొగ ఒక్కటే కారణం కాదు, తలమీది స్లాబు కూడా. సుమారు 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాంక్రీటులోని ఉక్కు తన బలంలో దాదాపు సగం కోల్పోతుంది. దానికి రక్షణగా ఉండే కాంక్రీటు పొర వేడికి పెచ్చులూడితే ఇనుము నేరుగా మంటకు తగులుతుంది. ఆపైన, కొడుతున్న నీరంతా బయటికి పోదు. ఒక ఘనపు మీటరు నీరు ఒక టన్ను బరువు, తడిసిన బట్టల కట్టల బరువు దానికి అదనం. బలం తగ్గిన స్లాబు మీద బరువు పెరుగుతూ పోతుందన్నమాట. గంటల తరబడి కాలిన భవనంలోకి, అది ఎంత నిబ్బరంగా కనిపించినా, మనుషులను పంపడానికి నేనైతే సంతకం పెట్టను. డెక్కన్ భవనాన్ని వరంగల్ ఎన్‌ఐటీ నిపుణులు పరిశీలించారు, చివరికి పొడవాటి చెయ్యి ఉన్న యంత్రంతో కూల్చివేశారు. చిక్కుకున్నవారి కోసం లోపల వెతకడం అంత ప్రమాదకరమైంది అందుకే.

నల్లగుట్ట పరిసరవాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే బ్రాంటో స్కైలిఫ్ట్ వంటి ఎత్తైన నిచ్చెన వాహనాలు నగరంలో ఉన్నాయి కదా, వాటితో పై అంతస్తుల మీది నుంచి పని కాదా?

జవాబు: వాణిజ్య సముదాయంలో కార్యాలయం ఉన్న వ్యక్తి

స్కైలిఫ్ట్ ప్రాణాలు కాపాడుతుంది, అందులో సందేహం లేదు. ఆ జనవరి తర్వాత రెండు నెలలకే, 2023 మార్చి 16 సాయంత్రం, సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు రేగినప్పుడు పై అంతస్తుల నుంచి కొందరిని దాంతోనే దించారు. కానీ ఐదో అంతస్తులో పనిచేస్తున్న ఆరుగురు యువతీ యువకులు అదే సాయంత్రం పొగకు ఊపిరాడక చనిపోయారు. నిచ్చెన అందుకునేది కిటికీ దగ్గరికి వచ్చినవారిని మాత్రమే. వరండాలో పొగ నిండి కిటికీ వరకూ రాలేనివారికి అది ఉన్నా లేనట్టే. పైగా ఆ వాహనం నాలుగు కాళ్లు చాపుకుని నిలవడానికి గట్టి, వెడల్పైన నేల కావాలి, పైన కరెంటు తీగలు ఉండకూడదు. సెట్‌బ్యాక్‌లో, అంటే భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలంలో, జనరేటరు, పార్కింగ్, టీ దుకాణం ఉన్న మన భవనాల పక్కన అది ఎక్కడ నిలబడాలి?

నీళ్ల విషయంలో మాత్రం విశ్రాంత ఉద్యోగి గారితో పూర్తిగా ఏకీభవించలేను. సరస్సు పక్కనే ఉన్నంత మాత్రాన పైపులోకి నీరు రాదు. ఒక వాటర్ టెండర్‌లో (నీళ్ల ట్యాంకు ఉన్న ఫైరింజన్‌లో) 4,500 లీటర్లు ఉంటే, నిమిషానికి 450 లీటర్లు కొట్టే ఒక్క పైపుకు అది పది నిమిషాల ముచ్చట. తర్వాత ట్యాంకర్లు వంతులవారీగా జనాన్ని, ట్రాఫిక్‌ను దాటుకుని రావాలి.

జవాబు: అగ్నిమాపక శాఖ విశ్రాంత ఉద్యోగి

ట్యాంకర్ల గురించి మీరన్నది నిజమే. అందుకే భవనంలో సొంత ట్యాంకు, పంపు, ప్రతి అంతస్తులో హోస్ రీలు ఉండాలని మేం పట్టుబడతాం. ఒక సంగతి చాలామందికి తెలియదు: వ్యాపార భవనం 15 మీటర్లు, నివాస భవనం 18 మీటర్లు దాటితేనే మా శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తప్పనిసరి. ఆ లోపు ఎత్తున్నవాటిలో ముప్పు తక్కువని దీనర్థం కాదు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్‌హౌజ్‌లో 17 మందిని బలిగొన్న ఇల్లు ఆకాశహర్మ్యం కాదు. సొరంగంలాంటి ఇరుకు ప్రవేశం, సన్నటి మెట్లు ఉన్న పాతకాలపు భవనం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ హోటల్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మొదలైన మంటల పొగ మెట్లదారిలో పైకెక్కి ఎనిమిది మందిని చంపింది.

మీ సంఘానికి చదివి వినిపిస్తానన్నారు కనుక ఒక్క పని చెబుతాను. విద్యుత్ తీగలు అంతస్తు నుంచి అంతస్తుకు వెళ్లే డక్టు తలుపు తెరిచి చూడండి. స్లాబుల దగ్గర ఖాళీ అలాగే వదిలేసి ఉంటే పొగ నిమిషాల్లో పై అంతస్తుకు చేరుతుంది, దాన్ని అగ్నినిరోధక పదార్థంతో పూడ్పించండి. మెట్ల మీద ఉన్న చెప్పుల అరలు, పాత సైకిళ్లు తీయించండి, టెర్రస్ తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కాపలాదారుకు తెలిసి ఉండాలి. 101కు ఫోన్ చేసినప్పుడు చిరునామాతో పాటు కాలుతున్నది ఏమిటో, లోపల ఎందరున్నారో చెప్పండి. మా వాహనం గేటు దగ్గరికి రాగానే అధికారి అడిగే మొదటి ప్రశ్న కూడా లోపల ఎందరున్నారనే.