అమ్మ కారులో కవర్ సాంగ్ ఆపేయించింది: పాత పాటలు కొత్తగా పాడితే మీకెలా ఉంటుంది?

నయీంనగర్ పోరడు:
మొన్న ఆదివారం అమ్మను తీసుకుని హన్మకొండ నుంచి కరీంనగర్ బయల్దేరాను. అమ్మకు పాత పాటలంటే ప్రాణం, నాకేమో ఆ పాటల్నే ఇప్పటి పిల్లలు గిటార్ పట్టుకుని మెల్లగా పాడే వెర్షన్లు ఇష్టం, ఇద్దరికీ సరిపోతుందిలే అని నా ప్లేలిస్ట్ పెట్టాను. ఎల్కతుర్తి దాకా ఏమీ అనలేదు. 'గోదారీ గట్టుంది' రాగానే కిటికీలోంచి చూస్తున్న మనిషి ఇటు తిరిగి "ఎవర్రా ఈ పిల్ల, జ్వరమొచ్చి లేచిందా?" అంది. నవ్వాను. ఇంకో లైన్ అయ్యాక "సెట్టు అనాలె, చెట్టు అంటదేంది, పక్కన పంతులు కూసున్నడా" అని తనే ఆపేసింది. హుజూరాబాద్ దాకా ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

నాకైతే ఆ కవర్ ఇప్పటికీ నచ్చుతుంది. కానీ వచ్చే నెల అమ్మకు అరవై నిండుతున్నాయి, ఇంట్లోనే చిన్న ఫంక్షన్, ఈ పాట ఎవరితోనైనా పాడించాలని ఉంది. అందుకే అడుగుతున్నా. మీకు నచ్చిన కవర్లు, చిరాకు తెప్పించినవి, ఎందుకో కూడా రాయండి. "ఒరిజినల్ ఒరిజినలే" అని ఒక్క ముక్క పడేసి పోకండి ప్లీజ్.

గుట్టకింది బండ:
ఒరిజినల్ ఒరిజినలే.

కీబోర్డ్ కాకా:
తమ్మీ, ఇరవై ఏళ్లకు పైగా వరంగల్ చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో కీబోర్డ్ వాయించాను, మీ అమ్మగారి చెవికి దండం పెట్టాలి. ఆ పాట మూగమనసులు సినిమాలోది, 1964, మహదేవన్ సంగీతం. రాసింది మన దాశరథి. చిన్నగూడూరు మనిషి, ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా. ఉర్దూ, సంస్కృతం రెండూ గట్టిగా వచ్చిన కవి, కావాలనే గోదారి పడవల దగ్గర తిరిగే పిల్ల నోటికి తగ్గట్టు 'సెట్టు' అని పెట్టాడు. జమున వేసిన గౌరి అట్లనే మాట్లాడుతుంది మరి. సుశీలమ్మ అట్లనే పలికింది. ఇప్పుడు పాడేవాళ్లు దాన్ని 'దిద్దుతున్నారు'. అక్షరం దిద్దగానే గౌరి వెళ్లిపోయి, ఆమె జాగాలో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న ఇంకెవరో వచ్చి కూర్చుంటారు.

రెండోది నెమ్మది. స్లో చేస్తే ఫీల్ వస్తుందని ఇప్పుడొక నమ్మకం. కొన్ని పాటలకు వస్తుంది కూడా, కాదనను. కానీ ఈ పాట గట్టు మీంచి చెట్టు, చెట్టు మీంచి పిట్ట అని ఒకదాన్ని పట్టుకుని ఒకటి దూకుతూ పోతుంది. స్లో చేస్తే పల్లెవెలుగు బస్సు ప్రతి స్టేజీలో ఆగినట్టే.

ఓరుగల్లు ఆడబిడ్డ:
కాకా, మీరు చెప్పింది బాగుంది కానీ నాది వేరే అనుభవం. మా ఇంట్లో పాత పాటలు వినే అలవాటే లేదు, నాన్న వార్తలు తప్ప ఏమీ పెట్టరు. సుబేదారిలో హాస్టల్లో ఉన్నప్పుడు పక్క బెడ్ అమ్మాయి ఫోన్‌లో 'లాహిరి లాహిరి లాహిరిలో' ఉకులేలే మీద ఎవరో పాడింది విన్నాను. అది నచ్చి వెతుక్కుంటూ పోతే ఘంటసాల, లీల దొరికారు. ఆ రాత్రి మాయాబజార్ మొత్తం చూశాను, తెల్లారి ల్యాబ్ ఎగ్గొట్టాను. ఆ ఉకులేలే కవర్ ఇప్పుడు వింటే సాదాగానే ఉంటుంది, అయినా తలుపు తీసింది అదే. జ్వరమొచ్చినట్టు పాడినా సరే, తీసే తలుపు తీయనివ్వండి.

కాజీపేట ప్లాట్‌ఫాం:
అసలు దారుణం సినిమావాళ్ల రీమిక్సులు. గ్యాంగ్ లీడర్ వానపాట 1991ది, రచ్చలో 2012లో మళ్లీ దింపారు. కొండవీటి దొంగలో 1990లో వచ్చిన 'శుభలేఖ రాసుకున్నా' 2013లో నాయక్‌లోకి వచ్చింది. ఖైదీ నంబర్ 786లో 'గువ్వా గోరింకతో' పాట గువ్వ 2015లో సుబ్రమణ్యం ఫర్ సేల్‌లో వాలింది. మా అన్న కొడుకు వానపాట రామ్‌చరణ్‌దే అంటాడు, వాళ్ల నాన్న పాడాడ్రా ముందు అంటే వాళ్ల నాన్న పాడడు కదా, డాన్సు చేస్తాడు కదా అని నాకే క్లాసు పీకాడు. వాడు చెప్పిందీ కరెక్టే అనుకోండి.

నాకు నచ్చింది ఒకటుంది. గద్దలకొండ గణేష్‌లో 'ఎల్లువొచ్చి గోదారమ్మ'. దేవత సినిమాలో బాలు, సుశీల పాడిన గొంతులే ఉంచి చుట్టూ మ్యూజిక్ కట్టారు. గొంతు జోలికి పోకపోవడం కూడా ఒక తెలివే.

సింగరేణి సెకండ్ షిఫ్ట్:
గోదావరిఖని నుంచి. నా కథ వింటే నవ్వుతారు. తొంభైల్లో మా బాపు బస్టాండ్ దగ్గర బండి మీద క్యాసెట్ కొనుక్కొచ్చాడు, మీద పెద్దగా ఘంటసాల ఫొటో, లోపల పది పాటలు. ఇంట్లో అదొక్కటే క్యాసెట్, అటు తిప్పి ఇటు తిప్పి అరిగిపోయేదాకా విన్నాం. రీలు బయటికొస్తే నేనే పెన్సిల్ పెట్టి చుట్టేవాణ్ణి. పదో తరగతిలో ఒక రోజు రేడియోలో అదే పాట వచ్చింది. గొంతు వేరు! వీడెవడో మా ఘంటసాల పాట పాడుతున్నాడని కోపమొచ్చింది. పాట అయ్యాక అనౌన్సరు "గానం ఘంటసాల" అన్నాడు. క్యాసెట్ తీసి లైటు కింద పెట్టి చూస్తే ఫొటో అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వేరే పేరు. మా బాపుకి చెప్తే "పాట అదేగదరా" అన్నాడు, అంతే.

ఇప్పుడు అసలు రికార్డు వింటాను, గొప్పదే, తెలుసు. కానీ రెండో చరణం ముందు ఆ పేరు తెలియని మనిషి చిన్నగా దగ్గినట్టు ఒక శబ్దం ఉండేది, ఆ జాగా రాగానే నా చెవి ఇంకా దానికోసం చూస్తుంది. మనం మొదట విన్నదే మనకు ఒరిజినల్ అన్నా, పైన అన్నాయన ఏమన్నా అనుకోనీ.

గుట్టకింది బండ:
నేనేం అనుకోను. దగ్గు ఒరిజినల్ అనడం మాత్రం మొదటిసారి వింటున్నా.

కోర్టు మెట్లు:
సింగరేణి అన్న చెప్పిన క్యాసెట్ ఇప్పుడైతే నడవదు. కాపీరైట్ చట్టంలో 31సి అని ఒక సెక్షన్ 2012లో తెచ్చారు, కవర్ వెర్షన్ల కోసమే. పాట మొదట రికార్డయిన ఏడాది అయిపోయాక ఇంకో అయిదేళ్లు ఆగాలి. ముందే నోటీసిచ్చి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి. పాత గాయకుడి పేరు గానీ ఫొటో గానీ కవర్ మీద వేయకూడదు, ఇది కవర్ వెర్షన్ అని రాయాలి. పాటలో సాంకేతికంగా తప్పనిసరి అయితే తప్ప మార్పులు చేయకూడదు. అంటే 'సెట్టు'ను 'చెట్టు' చేయడం మీద అమ్మగారు కేసు వేయొచ్చేమో (సరదాకి అన్నాను, నన్ను లాయరుగా పెట్టుకోకండి).

మనవాళ్లు యూట్యూబ్‌లో పాడి పెట్టేవి ఈ దారిలో వచ్చేవి కావు. అక్కడ హక్కుదారు కంటెంట్ ఐడీతో (పాటను గుర్తుపట్టే యూట్యూబ్ ఏర్పాటు) పట్టుకుని యాడ్ డబ్బులు తన వైపు తిప్పుకుంటాడు, ఎక్కువసార్లు వీడియో ఉంటుంది, డబ్బు రాదు. స్టేజీ మీద పాడటం ఇంకో లెక్క. 2017లో ఇళయరాజా తన పాటలు అనుమతి లేకుండా కచేరీల్లో పాడొద్దని బాలుకే నోటీసు పంపించారు, గుర్తుండే ఉంటుంది.

నయీంనగర్ పోరడు:
సార్ టెన్షన్ పెట్టకండి, 1964 పాటకు ఇంకా హక్కులేంటి?

కోర్టు మెట్లు:
రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లే, అది 2024తో అయిపోయింది. రాసిన మాటలకు కవి పోయాక 60 ఏళ్లు. దాశరథి 1987లో పోయారు, 2047 దాకా ఉంటుంది. ట్యూన్‌కు మహదేవన్ లెక్క, ఆయన పోయింది 2001లో. మీరేం భయపడకండి, ఇంట్లో చుట్టాల మధ్య పాడుకుంటే అడిగేవాడు లేడు. పెళ్లి బరాత్‌లో బ్యాండు వాయించుకోవడానికైతే చట్టమే మినహాయింపు ఇచ్చింది.

పద్మాక్షి మెట్ల మీద:
ఇంతసేపూ సినిమా పాటలేనా? మా దగ్గర బతుకమ్మకు ఏం జరుగుతుందో రాస్తాను. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర డీజే బాక్సులు పెడతారు, పాత పాటలే, కింద బీటు వేసి స్పీడు పెంచినవి. వంగి చప్పట్లు కొట్టి, లేచి, ఒక అడుగు పక్కకు వేసేంత టైము కూడా ఇవ్వదు ఆ బీటు. చిన్నపిల్లలు ఎగురుతారు, బాగుంటుంది, నేనూ ఎగిరాను. కానీ మా అత్తమ్మ, ఆమె వయసు వాళ్లు పోయినేడు మెల్లగా అవతలికి జరిగి నోటితో పాడుకుంటూ వేరే గుండ్రం కట్టారు. నేను నీళ్ల బాటిల్ ఇవ్వడానికి పోయి అక్కడే ఉండిపోయాను.

అప్పుడు కనిపెట్టిన సంగతి ఏంటంటే, నోటితో పాడేటప్పుడు ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు, ఎత్తుకునే ఆమె మధ్యలో తన మాటలు కలుపుతుంది. మా అత్తమ్మ ఆ రోజు మా వాడకట్టులో నల్లా నీళ్లు రాని సంగతి కూడా ఉయ్యాలలో కలిపేసింది, అందరూ పడీ పడీ నవ్వారు. ఈ పాటలకు ఒరిజినల్ అనేదే లేదు, ప్రతి ఏడూ పాడిందల్లా కవరే. డీజేలో వచ్చేదానికి మాత్రం నల్లా సంగతి తెలియదు.

జనగామ రోడ్:
అక్క చెప్పింది వంద శాతం. 'బండెనక బండి కట్టి' కూడా అంతే కదా. కట్టింది బండి యాదగిరి, సాయుధ పోరాటం రోజుల్లో. మాభూమి సినిమాలో గద్దర్ పాడాక ఊరూరికీ చేరింది, చాలామంది అది గద్దర్ రాసిందే అనుకుంటారు. తెలంగాణ ఉద్యమంలో మా యూనివర్సిటీ గేటు ముందు ఆ వరసలో ఎన్ని కొత్త చరణాలు కట్టామో, ఎవడి పేరు వాడు పెట్టి పాడేవాళ్లం. ఎవరూ మార్చొద్దనలేదు. మార్చకపోతే ఆ పాట అక్కడిదాకా వచ్చేదే కాదు. కానీ యాదగిరి పేరు చెప్పకుండా పాడితే మాత్రం మా సీనియర్ ఒకాయన మైకు లాక్కునేవాడు. ఇప్పుడు కవర్లు పెట్టేవాళ్లు వీడియో కింద కెమెరా ఎవరిది, డ్రోన్ ఎవరిది, కాస్ట్యూమ్స్ ఎవరివి అన్నీ రాస్తారు, పాట ఎవరు రాశారో ఉండదు. రేడియోలో పాటకు ముందో తర్వాతో రచన, సంగీతం, గానం చెప్పేవాళ్లు. నా చిరాకు అదొక్కటే, స్లోగా పాడుకుంటారో పరిగెత్తిస్తారో వాళ్లిష్టం.

ఓరుగల్లు ఆడబిడ్డ:
డ్రోన్ 😂 నిజం అన్నా. భద్రకాళి చెరువు మీద డ్రోన్ షాట్ లేని కవర్ ఈ మధ్య ఒక్కటి చూడలేదు.

కీబోర్డ్ కాకా:
నయీంనగర్ తమ్మీ, నువ్వు అడిగిన దానికి వస్తా. దొరికిన కరోకే ట్రాక్ పెట్టి పాడించకు. ఆ ట్రాకులు ఒరిజినల్ శృతిలోనే ఉంటాయి, సుశీలమ్మ గొంతు చేరే చోటికి ఇంట్లో పాడేవాళ్ల గొంతు చేరదు, పై స్థాయికి పోగానే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పైగా పాత రికార్డులు టేపు స్పీడు తేడా వల్ల కీబోర్డులో ఏ మెట్టుకూ సరిగ్గా కూర్చోవు, రెండు మెట్ల మధ్యలో ఉంటాయి. మేం రికార్డుతో కలిపి ప్రాక్టీస్ చేయాలంటే ఫైన్ ట్యూన్‌లో జరుపుకుంటూ చచ్చేవాళ్లం. కీబోర్డు, డోలక్ చాలు. ఇంతకీ పాడేది ఎవరు?

నయీంనగర్ పోరడు:
చెల్లెను అడుగుదామనుకున్నా కాకా. రాత్రి అన్నం తినేటప్పుడు మెల్లగా సంగతి తీస్తే అమ్మ "అదెందుకు, నేనే పాడుత" అంది. నాకు ముద్ద గొంతులో అడ్డం పడింది, ఇన్నేళ్లలో వంటింట్లో కూనిరాగం తప్ప ఎప్పుడూ వినలేదు. ఆడవాళ్లకు అయిదు, అయిదున్నర శృతి అంటారు కదా, అమ్మది అంత పైకి పోదేమో?

కీబోర్డ్ కాకా:
అరవై ఏళ్ల గొంతు, నాలుగుకు దించుదాం. అవసరమైతే ఇంకా కిందికి, ట్రాన్స్‌పోజ్ బటన్ ఉన్నదే అందుకు. నేనే వస్తా, పైసలేం వద్దు, భోజనం పెట్టు. ముందు ఒకసారి ఫోన్‌లో అమ్మ కూనిరాగం రికార్డు చేసి పంపు, ఆమెకు తెలియకుండా చెయ్, తెలిస్తే గొంతు సవరించుకుని వేరే శృతిలో పాడుతుంది.

సింగరేణి సెకండ్ షిఫ్ట్:
మధ్యలో దగ్గు వస్తే తీసేయకండి.