'అప్ అండ్ డౌన్' తెలుగు మాటేనా?

సర్క్యులర్_సుబ్బడు: రోజూ ఇంటి నుంచి ఉద్యోగానికి వెళ్లి రావడాన్ని ఇంగ్లీషులో కమ్యూట్ అంటారు కదా. తెలుగులో ఒక్క మాట చెప్పండి, ఆఫీసు సర్క్యులర్‌లో రాయాలి. 'రాకపోకలు' అంటే వాగు పొంగి ఆగిపోయేవే గుర్తొస్తున్నాయి.

పాతనిఘంటువు: రాకపోకలే సరైన మాట. కమ్యూట్‌కు కూడా మొదట ప్రయాణమనే అర్థం లేదు. 19వ శతాబ్దంలో అమెరికా రైలు కంపెనీలు రోజువారీ చార్జీలను తగ్గించి, ఒకే మొత్తంగా మార్చి కమ్యుటేషన్ టికెట్ ఇచ్చేవి. అది కొన్నవాడు కమ్యూటర్. పెన్షన్‌లో కొంత భాగాన్ని ఒకేసారి మొత్తంగా తీసుకునే పెన్షన్ కమ్యుటేషన్‌లో ఉన్నదీ ఆ మాటే.

కాజీపేట_డైలీ: మా దిక్కు ఎవరూ రాకపోకలు చేయరు సార్, అప్ అండ్ డౌన్ చేస్తారు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు కాబట్టి బతికిపోయాం. మా అమ్మమ్మ కూడా 'మనవడు అప్ అండ్ డౌన్ చేస్తడు' అంటుంది. తెలుగు కాక మరేంది?

పాతనిఘంటువు: రైల్వేలో ఒక దిక్కు లైను అప్, ఎదురు దిక్కుది డౌన్. దానికీ ఉద్యోగానికీ ఏమిటి సంబంధం?

కాజీపేట_డైలీ: పొద్దున ఒక లైన్లో పోయి రాత్రి రెండో లైన్లో వస్తా. ఇంకేం సంబంధం కావాలి?

గుంటూరుకారం: మా నాన్న 'షటిల్ కొడుతున్నా' అనేవాడు.

బడిపంతులు: 'అప్ అండ్ డౌన్' అంటే తిట్టండీ. మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు మెట్రోలో 29 కిలోమీటర్లు పోయేవాడు 'జాబ్‌కి వెళ్తున్నాడు'. వరంగల్ నుంచి పల్లె బడికి నేను 30 కిలోమీటర్లు పోతే 'అప్ అండ్ డౌన్ సారు'. పద్నాలుగేళ్లలో ఒక్కరోజు లేటు కాలేదు. అయినా గ్రామసభలో నలుగురి ముందు అదే మాట అన్నారు.

పాతనిఘంటువు: మీ గోడు వేరు, మాట అర్థం వేరు. 'రాక', 'పోక' రెండూ...

కాజీపేట_డైలీ: ఆ మాట ఊరికే పుట్టలేదు సార్. మా ఊరి లెక్కల సారు 3.40 బస్సుకు 3.20కే సంచి సర్దేవాడు. నా చెల్లె పదిలో లెక్కలు తప్పి చదువు మానేసింది.

బడిపంతులు: ఆయన తప్పు నా నెత్తిన వేస్తారా? నా భార్య ఉద్యోగం వరంగల్లో. అక్కడ పనిచేసేవాళ్లకు 2020 వేతన సవరణ (పీఆర్సీ)లో ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) 17 శాతం, నాకు పల్లె స్లాబు 11. అద్దె మాత్రం వరంగల్ అద్దే. ఊళ్లో ఉండమనే పెద్దమనిషి ఒక్క ఇల్లు చూపించాడా?

కాజీపేట_డైలీ: ఇంటి గురించి కాదు సార్. సాయంత్రం ఆరింటికి పిల్లగాడికి లెక్క రాకపోతే తట్టడానికి ఊళ్లో ఒక తలుపు ఉండాలి. దాని గురించి.

బడిపంతులు: ఆరింటికి నా పిల్లలు నా తలుపు తట్టొద్దా?

గుంటూరుకారం: ఇద్దరూ ఆ బస్సు దిగండయ్యా.

సర్క్యులర్_సుబ్బడు: 'రోజూ వెళ్లొచ్చే ఉద్యోగులు' అని రాసి పంపేశా.

పాతనిఘంటువు: మూడు మాటలయ్యాయి. ఒక్కటి అడిగారు. రాకపోకలు.