ఎలిజబెత్ క్యాట్లెట్ గురించి పిల్లలకు ఏం చెప్పాలె? ప్రింట్‌మేకింగ్ తెలిసినోళ్లు చెప్పుండ్రి

ఓరుగల్లు_డ్రాయింగ్:
అందరికీ నమస్తే. వరంగల్ దగ్గర గవర్నమెంట్ హైస్కూల్ల డ్రాయింగ్ చెప్త. తొమ్మిదో తరగతి పిల్లలతోటి లైనోకట్ (లైనో అనే మెత్తటి షీట్ మీద బొమ్మ చెక్కి, ఇంక్ పూసి పేపర్ మీద అచ్చేసుడు) చేపిద్దామనుకుంటున్న, ముందుగాల ఒక ఆర్టిస్ట్ జీవితం చెప్తే బాగుంటదని మెక్సికో ప్రింట్‌మేకర్ ఎలిజబెత్ క్యాట్లెట్‌ను ఎంచుకున్న. 1952ల చేసిన షేర్‌క్రాపర్ ప్రింట్ చూసినప్పటి సంది అదే కండ్లల్ల తిరుగుతుంది. పెద్ద గడ్డి టోపీ పెట్టుకున్న ఆమె, వేరేటోళ్ల భూమిల పాలుకు చేసేటామె, జాకెట్‌కు గుండీ బదులు పిన్నీసు, చూపు మాత్రం ఎవ్వలకూ తలొంచదు. మా పిల్లల అమ్మలు శానామంది పత్తి ఏరేటోళ్లే, బొమ్మ చూపిస్తే ఇంకేం చెప్పక్కర్లేదు. కానీ ఆమె పుట్టింది అమెరికాల కదా, మెక్సికో ఆర్టిస్ట్ ఎట్లయింది? టీచర్‌గా ఏం చేసిందో కూడా కావాలె, ఎక్కడ చూసినా ఒక్క లైన్ రాసి వదిలేస్తున్నరు.

లైనో_అక్క:
మంచి ఎంపిక సార్. 1915ల వాషింగ్టన్‌ల పుట్టింది. నల్లజాతి పిల్ల అని ఒక ఆర్ట్ కాలేజీ సీటియ్యలే, హోవార్డ్ యూనివర్సిటీల చదివి 1935ల పాసయింది. తర్వాత అయోవా యూనివర్సిటీకి పోతే అక్కడ సీటయితే ఇచ్చిండ్రు గానీ హాస్టల్ల ఉండనియ్యలే. అక్కడ గ్రాంట్ వుడ్ అనే పెయింటర్ ఆమెకు సారు, నీకు బాగా తెలిసిన మనుషుల బొమ్మలే చెయ్యి అన్నడు, ఆ మాట జీవితాంతం పట్టుకున్నది.

1946ల ఫెలోషిప్ మీద మెక్సికో పోయి తాయెర్ దె గ్రాఫికా పొపులార్ అనే వర్క్‌షాప్‌ల చేరింది. మెక్సికో ప్రింట్‌మేకర్ లియోపోల్దో మెందెస్ వాళ్లు 1937ల పెట్టింది అది, యూనియన్లకు పోస్టర్లు, కరపత్రాలు లైనో మీద చెక్కి ఇచ్చేటోళ్లు, లైనో చౌక, కాపీలు ఎక్కువొస్తయి, ప్రింట్ గోడ మీదికి బజార్లకు పోతది. అక్కడి ఆర్టిస్ట్ ఫ్రాన్సిస్కో మోరాను పెండ్లి చేసుకొని అక్కడనే ఉండిపోయింది. 1962ల మెక్సికో పౌరసత్వం తీసుకుంటే అమెరికా ఆమెను రావద్దన్నోళ్ల లిస్టుల పెట్టింది, 1971ల న్యూయార్క్‌ల ఆమె సొంత ఎగ్జిబిషన్‌కు పోవాలన్నా స్పెషల్ పర్మిషన్ కావాల్సొచ్చింది! 2012ల మెక్సికోలనే, క్వెర్నవాకా అనే ఊర్ల చనిపోయింది.

కాకతీయ_ప్రింట్స్:
టీచింగ్ సంగతి నేను చెప్త. మెక్సికోకు పోకముందే న్యూ ఓర్లీన్స్‌ల డిల్లార్డ్ యూనివర్సిటీల ఆర్ట్ చెప్పింది. అప్పుడు ఆ ఊరి మ్యూజియంకు పికాసో ఎగ్జిబిషన్ వచ్చింది, కానీ మ్యూజియం ఉన్న పార్క్‌ల నల్లోళ్లకు ఎంట్రీ లేదు. ఆమె ఏం చేసిందంటే మ్యూజియం వాళ్లతోని మాట్లాడి, సెలవు రోజు పిల్లలను బస్సెక్కించి, పార్క్‌ల అడుగు పెట్టకుండ బస్సు సక్కగ మ్యూజియం తలుపు దగ్గరికే పోయేటట్టు చేసింది. ఆ పిల్లల్ల శానామందికి అదే మొదటి మ్యూజియం. తొమ్మిదో తరగతికి నేనైతే ఇదే ముందు చెప్త, పౌరసత్వం కథ తర్వాత చూసుకోవచ్చు.

1958 నుంచి 1975 దాంక మెక్సికో నేషనల్ ఆర్ట్ స్కూల్ల శిల్పం చెప్పింది, అక్కడ శిల్పం ప్రొఫెసర్ అయిన మొదటి మహిళ ఆమెనే. అంటే రెండు పనులూ ఒక్కతీరుగనే చేసింది సార్, తలుపు దాంక రానియ్యనోళ్లను లోపలికి తీస్కపోవుడు, బొమ్మలల్లనైనా క్లాసులనైనా.

ఓరుగల్లు_డ్రాయింగ్:
అక్కా, అన్నా మస్తు థ్యాంక్స్. బస్సు ముచ్చటతోనే మొదలుపెడ్త. మా స్కూల్ల అచ్చేసే ప్రెస్ మిషన్ లేదు, ఎట్ల?

లైనో_అక్క:
ప్రెస్ ఎందుకు సార్, పేపర్ పెట్టి చెక్క గరిటె వెనకతోని గట్టిగ రుద్దితే సాలు. లైనోను కొంచెంసేపు ఎండల పెడితే మెత్తగయితది, మన ఎండలకు ఆ ఇబ్బందే లేదు. ఎడమ చెయ్యి ఎప్పుడూ ఉలి వెనక్కే ఉండాలె, ముందర ఉండొద్దు. పేరు చెక్కేటోళ్లకు అక్షరాలు ఉల్టా గీయుమని చెప్పుండ్రి. ఇంకోటి, ఆ వర్క్‌షాప్‌ల చెక్కకముందే డ్రాయింగ్ అందరి ముందట పెట్టి మాట్లాడుకునేటోళ్లు, మీ పిల్లలతోని కూడా ఆ పద్ధతే పెట్టుండ్రి. ఇంక్ వాటర్ బేస్డ్ తీసుకుంటే నీళ్లతోనే కడుక్కోవచ్చు.