1978 పద్మినికి లక్షా ముప్పై వేల ఇంజను పని: ఈ ఖర్చును సమర్థించుకోగలమా?

తెనాలి పద్మిని:
మా ఇంట్లో 1978 నాటి ప్రీమియర్ పద్మిని కారు ఉంది. నాన్నగారు సెకండ్ హ్యాండులో కొని చివరిదాకా నడిపారు, ఇప్పుడు నేను నెలకు రెండు మూడుసార్లు గుంటూరుకో విజయవాడకో తీసుకువెళుతుంటాను. కొంతకాలంగా ఎక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి మళ్ళీ తొక్కినప్పుడు వెనుక నుంచి నీలి పొగ వస్తోంది. ఇంజను బాగా వేడెక్కి ఐడిలింగులో ఉన్నప్పుడు ఆయిల్ లైటు మినుకుమినుకుమంటోంది. మెకానిక్ చూసి, ఇంజను బోరుకొచ్చిందనీ (సిలిండర్ల లోపలి గోడలు అరిగాయనీ), మొత్తం విప్పి కొత్త పిస్టన్లు, బేరింగులు వేసి, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగు, హెడ్ (వాల్వులుండే ఇంజను పై భాగం) పని చేయించాలనీ చెప్పి రూ.1,30,000 అంచనా ఇచ్చారు. బండిని ఉన్నదున్నట్టుగా రూ.90,000కు అడిగేవారు ఉన్నారు. ఇంజను చేయించిన తర్వాత రూ.1,60,000 దాకా పలకవచ్చని అంటున్నారు. అంటే లక్షా ముప్పై వేలు పెడితే పెరిగే విలువ డెబ్బై వేలు. ఈ ఖర్చును ఏ లెక్కన సమర్థించుకోవాలో అనుభవమున్న పెద్దలు చెప్పగలరు.

ఖాతా పుస్తకం:
మీ ప్రశ్నలోనే జవాబు ఉందండీ. అరవై వేల నష్టం ఖాయమని మీరే తేల్చి చెప్పారు. దానికి తోడు, ఇరవయ్యేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో రూ.10,000 చేసింది, ఆ భారం ఐదేళ్ళకొకసారి పడుతుంది. ఈ బండికి ఏసీ లేదు, సీటు బెల్టులు ఉన్నా పేరుకే, ఎయిర్‌బ్యాగుల మాట సరేసరి. అదే లక్షా ముప్పైకి మరో తొంభై వేలు, అంటే బండి అమ్మిన సొమ్ము, కలిపితే నమ్మకంగా నడిచే పాత ఆల్టో వస్తుంది. నాన్నగారి జ్ఞాపకం విలువైనదే, కాదనను. అయితే జ్ఞాపకం ఆ బండి బాడీలో, స్టీరింగులో, సీట్లలో ఉంటుంది గాని పిస్టన్ రింగుల్లో ఉండదు. అమ్మడానికి మనసొప్పకపోతే బండిని షెడ్డులో ఉంచుకోండి, ఇంజను మీద డబ్బు పోయకండి.

బారకాసు:
ఖాతా పుస్తకం గారి లెక్క ఒక వైపే చూస్తోంది. కొత్త కారు కొన్నవారు షోరూము గేటు దాటిన మొదటి ఏడాదిలోనే లక్ష రూపాయలకు పైగా విలువ పోగొట్టుకుంటారు, దాన్ని ఎవరూ నష్టమని చర్చకు పెట్టరు. పాత బండి మీద పెట్టిన ఖర్చు దగ్గర మాత్రం ప్రతి రూపాయీ తిరిగి రావాలని పట్టుబడతారు. బండి నడవడానికి పెట్టే ఖర్చును అమ్మకపు ధరతో కొలవడమే తప్పు కొలమానం. షెడ్డులో పెట్టమన్న సలహా మరీ ప్రమాదకరం. నడవని ఇంజనులో సిలిండరు గోడలు తుప్పు పడతాయి, రబ్బరు సీళ్ళు గట్టిపడతాయి, కార్బురేటరులో పెట్రోలు ఎండి జిగురవుతుంది. అలా నాలుగేళ్ళు ఊరుకుంటే తొంభై వేలకు అడిగేవారు కూడా మిగలరు.

లేత్ షాపు:
నేను ఆటోనగర్‌లో లేత్ పని చేసేవాణ్ణి. పై ఇద్దరూ లక్షా ముప్పై వేలు అనే అంకెను వేదవాక్కుగా తీసుకుని వాదించుకుంటున్నారు. నాకు తోచిన అభ్యంతరం అక్కడే ఉంది, ఎందుకంటే ఆ అంకె ఇంజను విప్పకముందు, ఒక్క కొలత కూడా తీయకముందు చెప్పినది.

మీరు చెప్పిన లక్షణాలను చూడండి. కాలు తీసి మళ్ళీ తొక్కినప్పుడు మాత్రమే పొగ వస్తోందంటే మొదటి అనుమానం వాల్వ్ గైడ్ల (వాల్వు కాడలు ఆడే గొట్టాల) మీద పడాలి. ఎక్సిలరేటరు వదిలినప్పుడు సిలిండరులోకి వాక్యూమ్ ఎక్కువై, అరిగిన గైడ్ల సందుల్లోంచి ఆయిలు లోపలికి లాగబడుతుంది, మళ్ళీ తొక్కగానే అది కాలి పొగగా వస్తుంది. రింగులు పోయిన ఇంజను అలా దాగుడుమూతలు ఆడదు, బరువు మీద ఎక్కుతున్నంతసేపూ పొగ పోస్తుంది, ఆయిల్ మూత తీస్తే ఆవిరి ఎగదన్నుతుంది. మీది నిజంగా గైడ్ల సమస్యే అయితే హెడ్ ఒక్కటి దించి గైడ్లు మార్చి, సీట్లు కట్ చేయించి, వాల్వులు గ్రైండ్ చేయిస్తే సరిపోతుంది, అది మీ అంచనాలో నాలుగో వంతు కూడా కాదు. కాబట్టి ముందు నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష చేయించండి. తక్కువ చూపిన సిలిండరులో స్పార్క్ ప్లగ్గు రంధ్రం నుంచి చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ చూడాలి. ఒత్తిడి పెరిగితే లోపం రింగుల్లో, బోరులో ఉన్నట్టు. పెరగకపోతే వాల్వుల్లోనో హెడ్ గాస్కెట్‌లోనో ఉన్నట్టు.

ఆయిల్ లైటు సంగతి ఇంతకంటె తీవ్రమైనది. అయినా లైటును నమ్మి ఇంజను విప్పకూడదు. ఆ లైటును వెలిగించే స్విచ్చి తీసి ఆ చోట మామూలు ప్రెషర్ గేజి బిగించి, వేడి ఇంజను మీద అంకె చూడాలి. స్విచ్చి పాడైనా, ఆయిలు పలచనిదైనా, పంపు అరిగినా, బేరింగులు అరిగినా లైటు ఒకేలా మినుకుతుంది. ఇది మూడు మెయిన్ బేరింగుల మీద తిరిగే క్రాంకు కనుక నడిమి బేరింగు మీద భారం ఎక్కువ. గేజి కూడా ప్రెషరు పడిపోతోందని చెబితే మాత్రం ఆలస్యం చేయవద్దు, ఎందుకంటే ఈ రోజు బేరింగు షెల్సు (క్రాంకు చుట్టూ ఉండే పలచని లోహపు రేకులు) మార్చడంతో పోయే పని రేపు క్రాంకుకే ఎసరు పెడుతుంది.

బోరు సంగతి. ఈ 1089 సీసీ ఇంజనుకు కంపెనీ బోరు 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75. ఇన్నేళ్ళలో ఎవరైనా ఒకటి రెండుసార్లు బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్లు వేసి ఉండవచ్చు. ఇంకా ఒక సైజు మిగిలి ఉందా, లేక లైనర్లు (సిలిండరు లోపల కొత్త గొట్టాలు) దించాల్సిందేనా అన్నది బోర్ గేజి పెట్టి చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు. హెడ్ అల్యూమినియంది. మన జిల్లాల్లో కూలెంటు మానేసి రేడియేటరులో ఉప్పునీళ్ళు పోసి నడిపిన బండ్ల హెడ్లలో నీటి దారుల చుట్టూ లోహం తినేసి ఉండటం తరచుగా చూస్తాం. అలాంటి హెడ్ చేతికి వస్తే అంచనా మొత్తం తారుమారవుతుంది. అందుకే చెబుతున్నాను, ఖర్చు సమర్థనీయమా కాదా అన్న చర్చ కొలతల తర్వాత మొదలుపెట్టండి.

ఖాతా పుస్తకం:
లేత్ షాపు గారు చెప్పినది విలువైన మాట. అయినా ఆయన వాదన నా వాదనకే బలమిస్తోంది. విప్పితే తప్ప తెలియదంటే, విప్పాక ఖర్చు పెరగడానికే అవకాశం ఎక్కువ. ఇంజను ఎలాగూ కిందికి దిగింది కదా అని క్లచ్చి ప్లేటు, మౌంటింగులు, రేడియేటరు, వాటర్ పంపు, వైరింగు ఒక్కొక్కటే బిల్లులోకి చేరతాయి. పుండు మీద కారం చల్లినట్టు దేశమంతటా ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దొరుకుతోంది. పాత పెట్రోలు గొట్టాలూ, పంపు డయాఫ్రమూ దానికి తట్టుకోవు, మిశ్రమాన్ని తానే సరిచేసుకునే తెలివి కార్బురేటరుకు లేదు. సెన్సారు ఉన్న కొత్త బండి సర్దుకుంటుంది, ఇది పలచని మిశ్రమంతో మామూలుకన్నా వేడిగా నడుస్తుంది. కొత్తగా బాగుచేయించిన ఇంజనును ఆ పెట్రోలుకు అప్పగించడం ఏం వివేకం?

బారకాసు:
ఇథనాల్ తట్టుకునే గొట్టాలూ, డయాఫ్రమూ దొరుకుతున్నాయి, కార్బురేటరులో పెట్రోలు వచ్చే జెట్టు ఒక సైజు పెంచి ట్యూనింగు చేయించవచ్చు. ఇది మొత్తం ఖర్చులో చిల్లర. ఇంజను పని వద్దనడానికి ఇది చాలదు.

హైదరాబాదు 118:
నాదొక మూడో దారి. ప్రీమియర్ వారి 118 ఎన్ఈ అనే కారులో వచ్చిన నిస్సాన్ 1171 సీసీ ఇంజనును పద్మినిలో పెట్టుకున్నవారు దేశంలో చాలామంది ఉన్నారు. శక్తి ఎక్కువ, మామూలు ఇంజను పని ఖర్చులోనే పూర్తవుతుంది. సొంత ఇంజనును గుడ్డలో చుట్టి దాచుకోండి.

లేత్ షాపు:
118 గారి దారి నడపడానికి హాయిగానే ఉంటుంది, కాగితాల దగ్గర చిక్కు. ఆర్.సి.లో ఇంజను నంబరు ఉంటుంది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రవాణా శాఖ అనుమతి లేకుండా ఇంజను మార్చి నడిపితే రేపు రెన్యువల్ రోజునా, ప్రమాదం జరిగితే బీమా క్లెయిము రోజునా సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. అంతకంటె ముఖ్యమైనది ఇంకొకటుంది. ఈ బండికి 2028లో యాభై ఏళ్ళు నిండుతాయి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉండి, పెద్ద మార్పులకు లోనుకాని బండ్లకే వర్తిస్తుంది. అదే ఇంజనును అదే బ్లాకుతో (సిలిండర్లుండే దిమ్మతో) బాగుచేయించడం వేరు, వేరే కంపెనీ ఇంజను కూర్చోబెట్టడం వేరు. రెండోది చేస్తే ఆ తలుపు మూసుకున్నట్టే.

ఖాతా పుస్తకం:
వింటేజ్ తలుపు తెరుచుకుంటే మాత్రం ఏమొస్తుంది? ఇరవై వేలు కట్టి ఆ రిజిస్ట్రేషను తీసుకుంటే బండిని ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతుకూ, పెట్రోలు పోయించుకోవడానికీ తప్ప రోడ్డు మీదికి తేకూడదు. తెనాలి గారి విజయవాడ ప్రయాణాలు ఆ రోజుతో సరి.

తెనాలి పద్మిని:
అందుకే నాకు ఆ రిజిస్ట్రేషను అక్కరలేదు, మామూలు రెన్యువల్‌తోనే నడుపుకుంటాను. పై మాటలన్నీ చదివాక నా ఆలోచన కొంత మారింది. ఇప్పటివరకు నేను లక్షా ముప్పై వేలను ఒకే ముద్దగా చూస్తూ, పెట్టాలా వద్దా అని మథనపడ్డాను. అమ్మే ఉద్దేశం నాకు ఎన్నడూ లేనప్పుడు అమ్మకపు ధరతో పోల్చుకోవడంలో అర్థం లేదు. కాని ఖాతా పుస్తకం గారు చెప్పినట్టు, జ్ఞాపకం పేరు చెప్పి ఎంత బిల్లు వచ్చినా తలూపడం కూడా నాకిష్టం లేదు. హెడ్ పనితో తీరితే ఏ సందేహమూ లేకుండా చేయిస్తాను. క్రాంకు, బోరు రెండూ చేయాల్సి వస్తే మొదటి అంచనా దాకా వెళ్ళడానికి సిద్ధమే. బ్లాకు పగిలిందనో హెడ్ పనికిరాదనో తేలితే మాత్రం ఆగుతాను.

ఒక్క విషయం నన్ను తొందరపెడుతోంది. బొంబాయి టాక్సీలుగా పద్మినులు 2023 అక్టోబరు దాకా తిరిగాయి. ఆ టాక్సీల గిరాకీ మీదే ఇన్నాళ్ళూ పిస్టన్లూ, గాస్కెట్లూ, షెల్సూ తయారయ్యాయని నా అంచనా. ఇప్పుడు మిగిలింది మాలాంటి సొంతదారులు మాత్రమే. ఇంకో ఐదేళ్ళు వాయిదా వేస్తే డబ్బు ఉన్నా సామాను దొరుకుతుందా?

లేత్ షాపు:
సామాను గురించి మీ భయం సబబే. మద్రాసు పుదుపేటలోనూ, ఢిల్లీ కాశ్మీరీ గేటులోనూ పాత నిల్వలు ఇంకా దొరుకుతున్నాయి, కాని పిస్టన్లు అన్ని సైజుల్లోనూ ఉండవు. అందుకని బోరు కొలిచిన తర్వాత ముందు పిస్టన్లు చేతికి రానివ్వండి, వాటిని కొలిచి ఆ పిస్టన్లకు తగినట్టే బోరు కొట్టించాలి. బోరు కొట్టించేసి పిస్టన్ల కోసం ఊళ్ళు తిరిగితే బ్లాకు పాడైనట్టే. మెకానిక్ దగ్గర అంచనాను మూడు భాగాలుగా కాగితం మీద రాయించుకోండి: హెడ్ పని ఎంత, కింది పని (బోరు, క్రాంకు) ఎంత, సామాను ఎంత. విప్పి కొలిచాక మిమ్మల్ని అడగకుండా తర్వాతి భాగంలోకి వెళ్ళకూడదని కూడా అందులో రాయించండి. బండి అప్పగించే రోజునే బ్లాకు మీది నంబరును ఆర్.సి.తో సరిచూసి ఫోటో తీసుకోండి, ఇంజను తిరిగి బిగించే ముందు ఆ నంబరే ఉందో లేదో మళ్ళీ చూడండి. పాత పిస్టన్లూ షెల్సూ మీకే ఇమ్మనండి, ఎంత అరిగాయో మీ కళ్ళతో మీరే చూసుకోవచ్చు.