కిక్‌కి డిస్టార్షన్ కలిపితే కింద బలం మొత్తం పోతోంది. ఎందుకు?

దరువు_24: అన్నలూ, మధ్యాహ్నం నుంచి ఇదే పని, తల పగిలిపోతోంది. ఇండస్ట్రియల్ రాక్ ట్రాక్. నైన్ ఇంచ్ నెయిల్స్ బ్యాండ్ 1994 ఆల్బమ్ ‘ది డౌన్‌వర్డ్ స్పైరల్’లో ఉన్నలాంటి మురికి కిక్ (బాస్ డ్రమ్ దెబ్బ) కావాలి. కిక్‌ని అలాగే ఉంచి, ఇంకో దారిలో డిస్టార్షన్‌కి (శబ్దాన్ని నలిపి గరుకు చేసేదానికి) పంపి రెండూ కలుపుతున్నా. విడివిడిగా వింటే రెండూ అదిరిపోతున్నాయి. కలిపితే అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. ఈక్యూలో (ఫ్రీక్వెన్సీల లెవెల్ మార్చేది) కింది ఫ్రీక్వెన్సీలు 9 డీబీ లేపినా రావట్లేదు.

నాబ్‌తిప్పు: ఫేజ్ బటన్ నొక్కు.

దరువు_24: నొక్కా బ్రో. అడుగున కాస్త వచ్చింది గానీ 80 హెర్ట్జ్ దగ్గరుండే పంచ్ పోయింది.

పాతటేపు: ఆ ఆల్బమ్ పేరెత్తారు కాబట్టి చెబుతున్నా. అందులో ‘క్లోజర్’ పాట కిక్ గిటార్ పెడల్‌లోంచి పుట్టలేదు. గాయకుడు ఇగ్గీ పాప్ 1977లో చేసిన ‘నైట్‌క్లబ్బింగ్’లోని డ్రమ్ మెషీన్ దెబ్బని శాంపిల్ చేసి (రికార్డింగ్‌లోంచి ముక్కగా తీసుకుని), గుర్తుపట్టలేనంతగా మార్చి వాడారు. గిటార్లు కూడా చాలావరకు జూమ్ 9030 ఎఫెక్ట్స్ యూనిట్ గుండా నేరుగా లోపలికెళ్లి, కంప్యూటర్‌లో టర్బోసింత్ సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ నలిగినవే. మీరూ నలిపిన శబ్దాన్నే ఒక్క శాంపిల్‌గా దించి అసలుదాన్ని తీసేయండి. ఇంకో మాట, ఇండస్ట్రియల్ అన్న పేరు లండన్‌లో 1976లో థ్రాబింగ్ గ్రిసిల్ బ్యాండ్ వాళ్లు పెట్టిన ఇండస్ట్రియల్ రికార్డ్స్ లేబుల్ నుంచి వచ్చింది. గిటార్ రిఫ్ కింద డిస్టార్షన్ కిక్ పెట్టినంత మాత్రాన ఆ పేరు తగదు.

సోల్డర్‌పొగ: పేరు సంగతి తర్వాత చూద్దాం. దరువు గారూ, డిస్టార్షన్ ప్లగిన్ (కంప్యూటర్‌లోని ఎఫెక్ట్) ఏది?

దరువు_24: ప్లగిన్ ఏంటన్నా, బయటుండే పెడలే కదా! ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కి శబ్దం రాకపోకల పెట్టె) అవుట్‌పుట్ 3 నుంచి పెడల్‌కి, పెడల్ నుంచి ఇన్‌పుట్ 2కి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌లో ఆ ఇన్‌పుట్‌ని మానిటర్‌లో పెట్టి వింటున్నా. 48 కిలోహెర్ట్జ్, బఫర్ (ఒక్క విడతలో నడిచే ఆడియో) 256.

సోల్డర్‌పొగ: ఈ ముక్క మొదటే చెప్పాల్సింది. ప్లగిన్ ఆలస్యాన్ని సాఫ్ట్‌వేర్ తనే సరిచేసుకుంటుంది. బయటికెళ్లి తిరిగొచ్చే శబ్దం ఎంత ఆలస్యమైందో దానికి తెలీదు. వెళ్లేటప్పుడు 256 శాంపిళ్లు (సెకనుకి 48 వేల కొలతల్లో ఒక్కోటి), వచ్చేటప్పుడు 256, పైన కన్వర్టర్లు, డ్రైవర్ కలిపి ఇంకొన్ని శాంపిళ్లు. మొత్తం 12 మిల్లీసెకన్లు అనుకోండి. 42 హెర్ట్జ్‌కి సైకిల్ 24 మిల్లీసెకన్లు. అంటే సరిగ్గా సగం సైకిల్ వెనక వస్తోంది, ఒకటి పైకి తోస్తుంటే ఇంకోటి కిందికి లాగుతోంది. పోయేది అక్కడే, తర్వాత 125 హెర్ట్జ్ దగ్గర, 208 దగ్గర కూడా. ఈక్యూతో అందుకే రాదు, రెండు దారులూ కలిసి లేస్తాయి, కలిసే కొట్టుకుపోతాయి. బటన్ నొక్కితే గుంట 83కి జరుగుతుంది. మీకు పంచ్ పోయింది అందుకే.

పెడల్‌ని రీపర్‌లోని రియాఇన్సర్ట్ ప్లగిన్ గుండా పెట్టి పింగ్ నొక్కండి, ఆలస్యం కొలిచి సరిచేస్తుంది. పింగ్ చేసేటప్పుడు పెడల్ బైపాస్‌లో ఉండాలి, స్పీకర్ల వాల్యూమ్ తగ్గించండి. ఆ తర్వాత పెడల్ ఆన్ చేసి, తిరిగొచ్చిన దెబ్బ మొదటి కదలిక అసలు కిక్‌లాగే పైకి వెళ్తోందో లేదో చూడండి. కొన్ని ఫజ్ (గరగర డిస్టార్షన్) సర్క్యూట్లు సిగ్నల్‌ని తలకిందులు చేస్తాయి. అప్పుడు మాత్రమే ఆ బటన్.

నాబ్‌తిప్పు: నేనూ అదే బటన్ చెప్పా.

సోల్డర్‌పొగ: అది పోలారిటీ బటన్. ఫేజ్ తేడా ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది, పోలారిటీ అన్నిటికీ ఒకేసారి తిరగబడుతుంది. ఆలస్యం వల్ల వచ్చిన తేడాని దాంతో సరిచేయలేం.

నాబ్‌తిప్పు: చాలా కన్సోళ్ల మీద ఫేజ్ అనే రాసుంటుంది. అందరూ అలాగే అంటారు.

పాతటేపు: ఒక్క శాంపిల్‌గా దించితే ఈ రెండు మాటల అవసరమే లేదు. ట్రాక్ ఒకటే అయితే కొట్టుకుపోయేదేముంది?

తీగలచుట్ట: లెవెల్ గురించి ఎవరూ అనలేదు. లైన్ అవుట్‌పుట్ వోల్టేజ్ గిటార్ పికప్ కన్నా చాలా ఎక్కువ. 9 వోల్టుల పెడల్ లోపలే చితికి, నాబ్ ఎటు తిప్పినా ఒకటే మోత వస్తుంది. అవుట్‌పుట్ 3ని ముందు 20 డీబీ తగ్గించి, అక్కడ్నుంచి పెంచుకుంటూ రండి. రీఆంప్ బాక్స్ (లైన్ సిగ్నల్‌ని గిటార్ లెవెల్‌కి దించేది) ఉంటే ఇంకా మంచిది, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదైతే గ్రౌండ్ లూప్ హమ్ (ఎర్త్ కలయిక వల్ల వచ్చే గుయ్యి మోత) కూడా పోతుంది. పాత తరహా ఫజ్ అయితే తన ముందు పికప్ ఇంపెడెన్స్ (విద్యుత్ నిరోధం) ఉండాలనుకుంటుంది, లైన్ అవుట్‌పుట్ నేరుగా ఇస్తే గరగరలాడుతుంది. పెడల్ నుంచి తిరిగొచ్చిన దారిలో 120 హెర్ట్జ్ కింద ఫిల్టర్‌తో కోసేయండి, అడుగు బలం శుభ్రమైన కిక్ నుంచే రానివ్వండి. ఆ ఫిల్టర్ కూడా కోత దగ్గర ఫేజ్‌ని కాస్త తిప్పుతుంది. 100, 140 కూడా పెట్టి విని, బలంగా ఉన్నదాన్ని ఉంచండి.

దరువు_24: పింగ్ చేస్తే 576 శాంపిళ్లు చూపించింది. కింద దెబ్బ వచ్చేసింది, థ్యాంక్స్ అన్నా. మిక్స్‌లో బఫర్ 1024 పెడితే?

సోల్డర్‌పొగ: మళ్లీ పింగ్ చెయ్యాలి. లేదా ఇప్పుడే తిరుగు దారిని ఆడియోగా రికార్డ్ చేసి, పెడల్ తీసేయండి.

పాతటేపు: నేను మొదట చెప్పింది అదే. ఇండస్ట్రియల్ రికార్డ్స్ గురించి అన్నదానికి ఎవరూ బదులివ్వలేదు.

నాబ్‌తిప్పు: దానికి వేరే పోస్ట్ పెట్టండి.