ఎన్నికైన ప్రతినిధి తప్పు చేస్తే, తదుపరి ఎన్నికల దాకా ఆగవలసిందేనా?

ప్రశ్న — సామాన్య ఓటరు

ఒక ప్రజాప్రతినిధి లంచం తీసుకున్నట్టో, పదవిని సొంత లాభానికి వాడుకున్నట్టో ఆధారాలతో సహా బయటపడినప్పుడు, ఆయన పక్షం నుంచి తరచుగా వినిపించే మాట ఒకటుంది: ప్రజలే గెలిపించారు కాబట్టి తీర్పు కూడా ప్రజలే చెబుతారు. కానీ ఎన్నికలకు ఇంకా మూడు నాలుగేళ్లు ఉంటే, అంతవరకు ఆయన చట్టాలు చేస్తూ, ప్రజాధనం ఖర్చు మీద ఓటు వేస్తూ ఉండవలసిందేనా? న్యాయస్థానానికి వెళితే ఏళ్లు గడుస్తాయి. సభకే వదిలేస్తే విచారించేది ఆయన సహచరులే. మధ్యలో వెనక్కి పిలిచే హక్కు ఓటర్లకు ఇస్తే, ఓడిపోయినవారు దాన్ని కక్షసాధింపుకు వాడుకుంటారేమో. వీటిలో దేన్ని ఎంతవరకు నమ్మవచ్చో, ఆచరణలో ఏది పనిచేసిందో తెలిసినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం — శాసనసభ పరిశీలకుడు

ఎన్నికలే సరిపోతాయన్న వాదనను నేను అంగీకరించలేను. ఓటరుకు ఉన్నది ఒకే ఓటు. పార్టీని, విధానాలను, ముఖ్యమంత్రిగానో ప్రధానమంత్రిగానో ఎవరు రావాలన్నదాన్ని, తన నియోజకవర్గ అభ్యర్థిని అన్నిటినీ కలిపి ఆ ఒక్క ఓటుతోనే తేల్చుకోవాలి. ఒక నిర్దిష్టమైన నేరం జరిగిందా లేదా అన్నది అందులో తేలదు.

సభ తలచుకుంటే ఎంత వేగంగా కదలగలదో 2005 డిసెంబరులో భారత పార్లమెంటు చూపింది. ప్రశ్నలు అడగడానికి డబ్బు తీసుకుంటూ రహస్య కెమెరాకు చిక్కిన పదకొండు మంది సభ్యులను, ఆ దృశ్యాలు ప్రసారమైన రెండు వారాల లోపే ఉభయ సభలూ బహిష్కరించాయి. ఆ అధికారం సభలకు ఉందని 2007లో సుప్రీంకోర్టు ధ్రువీకరించింది. అయితే ఆ వేగానికి కారణాన్ని కూడా గమనించాలి: దొరికినవారు పలు పార్టీలకు చెందినవారు, ప్రభుత్వ మనుగడకు వారు అవసరం కాదు. 1993లో అవిశ్వాస తీర్మానం నుంచి ప్రభుత్వాన్ని గట్టెక్కించడానికి ఓట్లు కొన్నారన్న కేసు ఇలా సాగలేదు. సభలో వేసిన ఓటుకు రాజ్యాంగ రక్షణ ఉన్నందున, లంచం తీసుకుని ఆ ప్రకారం ఓటు వేసినవారిని ప్రాసిక్యూట్ చేయలేమని 1998లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టివేసేసరికి 2024 మార్చి వచ్చింది. లంచం తీసుకున్నవారికి రక్షణ, తీసుకుని మాట తప్పినవారికి శిక్ష అనే విపరీతమైన పరిస్థితి అన్నాళ్లూ చట్టంగా నిలిచి ఉండటం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

సమాధానం — రాజనీతి విద్యార్థిని

వెనక్కి పిలిచే హక్కు, అంటే రీకాల్ గురించి. అది కక్షసాధింపుగా మారుతుందా లేదా అన్నది ఏ కారణంతో మొదలుపెట్టవచ్చన్న నిబంధన మీద ఆధారపడి ఉంటుంది. కాలిఫోర్నియాలో తప్పు రుజువు కానవసరం లేదు, తగినన్ని సంతకాలు ఉంటే చాలు, తొలగింపుపై ఓటింగు పెడతారు. 2002 నవంబరులో రెండోసారి గెలిచిన గవర్నరు గ్రే డేవిస్ ఏడాది తిరగకుండానే, 2003 అక్టోబరులో అలా పదవి కోల్పోయారు. అక్కడ రీకాల్ మరో ఎన్నికల పోరాటమే తప్ప తప్పుకు శిక్ష కాదు.

బ్రిటన్ 2015లో చేసిన చట్టం దీనికి భిన్నం. సభ్యుడికి జైలు శిక్ష పడాలి, లేదా ఖర్చుల లెక్కల్లో మోసం చేసినట్టు నేరం రుజువు కావాలి, లేదా సభ ఆయనను కనీసం పది పనిదినాల పాటు సస్పెండ్ చేయాలి. వీటిలో ఒకటి జరిగాకే ఓటర్ల ముందు సంతకాల పత్రం తెరుస్తారు. ఆరు వారాల్లో పది శాతం మంది సంతకం చేస్తే సీటు ఖాళీ అవుతుంది. 2018లో ఉత్తర ఆంట్రిమ్‌లో 9.4 శాతమే రావడంతో ఆ సభ్యుడు నిలిచారు. 2019లో పీటర్‌బరోలో నాలుగో వంతుకు మించి ఓటర్లు సంతకం చేయడంతో సీటు పోయింది. తొలగించబడిన వ్యక్తి ఉప ఎన్నికలో మళ్లీ పోటీ చేయవచ్చు కూడా, కనుక చివరి మాట ఓటర్లదే అవుతుంది. నిజానిజాలు తేల్చే పని ఒకరికి, పదవిలో ఉంచాలా వద్దా అన్నది మరొకరికి అప్పగించడమే ఈ పద్ధతిలోని బలమని నా అభిప్రాయం.

ప్రశ్నించినవారి స్పందన — సామాన్య ఓటరు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే సస్పెండ్ చేసేది మళ్లీ సభే కదా? అధికార పక్షానికి ఆధిక్యం ఉన్నప్పుడు తమవారిని కాపాడుకోవడానికి ఆ మొదటి మెట్టునే అడ్డుకుంటే ఏం చేయాలి?

సమాధానం — శాసనసభ పరిశీలకుడు

మీరు పట్టుకున్నది అసలైన బలహీనతనే. బ్రిటన్‌లో సరిగ్గా అదే ప్రయత్నం జరిగింది. డబ్బు తీసుకుని కంపెనీల తరఫున పైరవీ చేశారని తేలిన అధికార పక్ష సభ్యుడు ఓవెన్ పాటర్సన్‌ను ముప్పై పనిదినాలు సస్పెండ్ చేయాలని కమిటీ సిఫారసు చేసింది. 2021 నవంబరులో ప్రభుత్వం విప్ జారీ చేసి, ఆ శిక్షను నిలిపివేసి విచారణ నిబంధనలనే మార్చే తీర్మానాన్ని నెగ్గించుకుంది. మరునాడే వెనక్కి తగ్గవలసి వచ్చింది, ఆయన రాజీనామా చేశారు, డిసెంబరు ఉప ఎన్నికలో పార్టీ ఆ సీటును కూడా కోల్పోయింది. విచారణ నివేదిక అప్పటికే ప్రచురితమై ఎవరైనా చదువుకునేలా ఉండటం వల్లే ఇది సాధ్యమైంది. నివేదిక స్పీకరు బల్ల మీదే ఉండిపోయి ఉంటే ఆ ఓటింగు గురించి ఇంత ఆగ్రహం వచ్చేది కాదు.

అందువల్ల చట్టంలో నేను మొదట కోరేది రెండు నిబంధనలు: విచారణాధికారి నివేదిక సభకు చేరిన రోజే ప్రజలకు కూడా అందాలి, సభ దానిపై నిర్ణయానికి గడువు ఉండాలి. గడువు విలువ దక్షిణ కొరియాలో కనిపిస్తుంది. 2016 డిసెంబరులో అధ్యక్షురాలు పార్క్ గ్యున్-హేను అభిశంసించింది పార్లమెంటు, తొలగించాలా వద్దా అని తేల్చింది రాజ్యాంగ న్యాయస్థానం. దానికి చట్టం ఇచ్చిన గడువు 180 రోజులు. ఎనిమిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా మూడు నెలలకే తీర్పు చెప్పారు. ఆమె మీద క్రిమినల్ కేసు ఆ తర్వాత తన దారిన తాను ఏళ్లపాటు నడిచింది, కానీ అంతవరకు పదవి ఆమె చేతిలో లేదు.